మనల్ని అనలే

మా ఇంట్లో కొన్ని మాటలకు టీపొడి ఖర్చవుతుంది.

డబ్బు మాటలకు కాదు, రోగాల మాటలకు కాదు. చిట్టీ ఎగ్గొట్టిన వాడి పేరు, నా షుగర్ అంకె, పక్కింటి కోడలు అలిగి షోలాపూర్ పోయిన సంగతి, వీటన్నిటినీ మేం గుమ్మంలో నిలబడే మాట్లాడుకుంటాం. సూరత్‌లో మా లింబాయత్ గోడలు పల్చన, మా గొంతులు లావు. సిరిసిల్ల సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులో పుట్టి ఇక్కడి సాంచాల చప్పుడులో ముదిరిన గొంతులు మరి. కానీ ఎవరైనా రంగు ఊసో కులం ఊసో ఎత్తారా, "వాళ్ళంతా అంతే" అన్న మాటలో ఆ వాళ్ళు ఎవరని అడిగారా, మా ఆవిడ చటుక్కున లేచి "టీ పెడతా" అంటుంది. మా అమ్మకు ఉన్నట్టుండి చెవుడు వస్తుంది. మా అబ్బాయి మోగని ఫోన్ చెవికి పెట్టుకుని "హా భాయ్, బోలో" అంటూ మేడెక్కుతాడు. ఇలా తప్పుకోవడంలో ఎవరి విద్య వారిదే గానీ, గురువును మాత్రం నేనే. నాకు అప్పుడే అర్జెంటుగా ఒక ఎంట్రీ గుర్తొస్తుంది.

నేను రింగ్ రోడ్డు చీరల మార్కెట్లో ఒక కొట్టుకు మెహతాజీని, అంటే లెక్కలు రాసేవాణ్ణి. పరుల తప్పులు ఎర్ర సిరాతో చుట్టి చూపించడం నా వృత్తి. అందువల్ల ఇంట్లో నాకు నిష్పక్షపాతి అని పేరు. ఆ పేరు నేనే పెట్టుకున్నాను.

ఈ సుఖానికి గండి కొట్టింది మా అమ్మాయి శ్రావ్య. వీర్ నర్మద్ సౌత్ గుజరాత్ యూనివర్సిటీలో సోషియాలజీ ఎంఏ చదువుతోంది. ఒక సాయంత్రం ప్రాజెక్టు అంటూ ఒక కాగితం తెచ్చి మా ముందు పరిచింది. మధ్యలో నిలువు గీత. ఎడమ పక్క "వివక్ష: మీకు జరిగినవి", కుడి పక్క "మీరు చేసినవి". నాకు గుండె గుభేలుమంది. ఆ గీత నేను నిద్రలోనైనా గుర్తుపడతాను. ఎడమన జమ, కుడిన ఉధార్. దీపావళికి చోప్డా పూజ చేసి, ఖాతా పుస్తకం మీద శుభ్ లాభ్ అని రాసి హారతిచ్చే ఊళ్ళో, పొట్టకూటికి పుస్తకాలు రాసే నాకు, కూతురే పుస్తకం తెరిచి చూపిస్తోంది.

"నర్మద్ పేరు మీద ఉన్న యూనివర్సిటీ బాపూ, నిజం చెప్పాలి" అంది పైగా.

నర్మద్ సంగతి నాకూ కొంత తెలుసు. 1833లో ఈ సూరత్‌లోనే పుట్టిన కవి. వితంతు వివాహాల కోసం ఊరితో తగవు పెట్టుకున్నాడు, 1864లో "దాండియో" అని పత్రిక పెట్టి పెద్దమనుషులను ఏకి పెట్టాడు. తన బతుకును ఉన్నదున్నట్టుగా "మారీ హకీకత్" అని రాసుకున్నాడు. రాసింది 1866లో, లోకానికి పుస్తకంగా వచ్చింది 1933లో. అంటే ఆయన పోయిన నలభై ఏడేళ్ళకు. "నేనూ అదే పద్ధతిలో చెబుతాను తల్లీ, నా తదనంతరం వేసుకో" అన్నాను. ఒప్పుకోలేదు.

ఎడమ పక్క చూస్తుండగానే నిండిపోయింది. మా అమ్మకు చెవుడు దానంతటదే పోయింది. వచ్చిన కొత్తలో కుళాయి దగ్గర మద్రాసీ అంటూ తన బిందెను కాలితో పక్కకు నెట్టిన ఆవిడ చీర రంగుతో సహా చెప్పింది. మా ఆవిడ ఇక్కడే పెరిగింది, ఇక్కడి మున్సిపల్ తెలుగు బడిలోనే చదివింది. సూరత్ మున్సిపాలిటీ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు అని ఏడు భాషల్లో బడులు నడుపుతుంది, దేశంలో ఎంత మంది నగర పాలకులు ఈ మాట చెప్పుకోగలరో నాకు అనుమానమే. ఆ బడి గేటు బయట వేరే మీడియం పిల్లలు తనను "ఇడ్లీ దోశ, ఇడ్లీ దోశ" అని వెంటపడి ఏడిపించారట. "నేనప్పటికి దోశ మొహం చూడలేదు, మా ఇంట్ల సర్వపిండే" అని ఇప్పటికీ ఆమె బాధ. మా అబ్బాయిని డైయింగ్ మిల్లులో మాస్టర్ "కాలియా" అంటాడు. నా సంగతి: మా సేఠ్ నన్ను బయటి వ్యాపారులకు పరిచయం చేసేటప్పుడు "ఆంధ్రావాలా హై, మగర్ హిసాబ్ కా పక్కా" అంటాడు. ఆ "మగర్" దగ్గర నేను ప్రతిసారీ నవ్వుతాను. ఎందుకు నవ్వుతానో తెలియదు గానీ జీతం ఆ నవ్వుకే ఇస్తున్నారని నా అనుమానం.

శ్రావ్య గబగబా రాసుకుంది. కాగితం కుడి పక్కకు పెన్ను జరిపింది. "ఇప్పుడు ఇటు చెప్పండి."

మా ఆవిడ లేచింది. "టీ పెడతా."

ఈ మౌనం గురించి పెద్దవాళ్ళు చాలా చెబుతారు. జనం గొడవలకు భయపడి మాట్లాడరట, ఎదుటివారిని నొప్పిస్తామని మొహమాటమట. మొహమాటమా, మాకా? నీళ్ళ ట్యాంకర్ దగ్గర మా వాళ్ళ సంభాషణ ఒకసారి విని చెప్పమనండి. అసలు చిక్కు ఆ గీతలో ఉంది. ఒకడు నన్ను అన్న మాట పైకి తీయాలంటే ఖాతా తెరవాలి. తెరిస్తే నేను ఇంకొకడిని అన్న మాట ఎదురు పేజీలోనే పడి ఉంటుంది. ఒక్క పేజీ తెరుచుకునే చోప్డా ఏ కొట్టులోనూ అమ్మరు. అందుకని మూసి, ఎర్రగుడ్డ చుట్టి, అటక మీద పెడతాం. నన్ను అన్నవాడు కూడా తన చోప్డా అటక మీద పెట్టుకున్నాడు గనక, ఇద్దరం దారిలో ఎదురైతే "కేమ్ ఛో, మజామా" అని పలకరించుకుంటాం.

"సరే, నేనే గుర్తు చేస్తా" అంది శ్రావ్య. "2017. నేను ఎనిమిదిలో ఉన్నా."

ఆ ఏడాది ఫిబ్రవరి 22న అమెరికాలో కాన్సస్ రాష్ట్రం ఒలేథ్ ఊళ్ళో, హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒకడు మా దేశం విడిచి పొమ్మంటూ కాల్చి చంపాడు. ఆ రాత్రి మా ఇంట్లో టీ ఎవరూ పెట్టలేదు. అందరం మాట్లాడాం. జాత్యహంకారం అన్న మాటను మా అబ్బాయితో సహా అందరం తడుముకోకుండా పలికాం. "తోలు సూసి సంపుతరా, వాళ్ళ చేతులిరగ" అని మా అమ్మ శాపనార్థాలు పెట్టింది. మా ఆవిడ ఆ ఇల్లాలిని టీవీలో చూసి ఏడ్చింది. అవి దొంగ ఏడుపులు కావు, ఆ మాట గట్టిగా చెప్పగలను.

నెల తిరిగింది. మార్చి 27న గ్రేటర్ నోయిడాలో ఒక మాల్‌లో ఆఫ్రికా నుంచి వచ్చిన విద్యార్థులను గుంపు పడి కొట్టింది, చేతికి దొరికిన కుర్చీలతో సహా. అదే టీవీ, అదే సోఫా, మేమే. మా అబ్బాయి ఛానల్ మార్చాడు. "వాళ్ళు ఏం చేసిన్రో ఏమో, ఊకే కొడతరా" అన్నది ఎవరని శ్రావ్య ఇప్పుడు అడుగుతోంది. ఇంట్లో అందరూ నా వైపు చూశారు. నేను ఆ వాక్యం వాడి ఉండొచ్చు. మార్చి 27 కదా, ఆర్థిక సంవత్సరం చివరి వారం, మెహతాజీలు ఆ రోజుల్లో అన్న మాటలకు బాధ్యులు కారు.

నాలుగు రోజులకు ఆఫ్రికా దేశాల రాయబారులందరూ కలిసి, ఇది జాతి వివక్షే, దీన్ని మీరు గట్టిగా ఖండించలేదు అని ప్రకటన ఇచ్చారు. దానికి జవాబు చెప్పే పని తరుణ్ విజయ్ అనే మాజీ ఎంపీ మీద పడింది. ఏప్రిల్‌లో అల్ జజీరా టీవీ చర్చలో కూర్చుని, మాకే వర్ణవివక్ష ఉంటే దక్షిణాది వాళ్ళతో ఎలా కలిసి బతుకుతున్నాం, మా చుట్టూ నల్లవాళ్ళు ఉన్నారు కదా అనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. తమిళులు, కేరళ, కర్ణాటక, ఆంధ్ర అని పేర్లు కూడా చెప్పాడు. తర్వాత క్షమాపణ అడిగాడనుకోండి. కానీ ఆ పూట మా ఇంట్లో నిశ్శబ్దం. ఈసారి టీకి లేవడానికి కూడా ఎవరికీ కాళ్ళు రాలేదు. కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.

అప్పుడు మా అమ్మ అడిగింది. "తెలంగాణ అన్నడా?"

"అనలేదమ్మా. ఆంధ్ర అన్నడు."

"మరింకేంది! మనల్ని అనలే."

ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. రాష్ట్రం వచ్చి అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదు. నీళ్ళు, నిధులు, నియామకాలు అని కొట్లాడి తెచ్చుకున్నాం గానీ, ఇలాంటి లాభం ఒకటి ఉంటుందని ఏ నాయకుడూ ముందుగా చెప్పలేదు. వీధిలో మమ్మల్ని పుట్టిన దగ్గర్నుంచీ ఆంధ్రావాలా అని పిలుస్తున్నారన్న చిన్న విషయం ఆ క్షణంలో ఎవరికీ గుర్తు రాలేదు.

అమ్మ సూత్రం అప్పటినుంచీ మా ఇంటికి గొడుగు. మరుసటి ఏడు, 2018 అక్టోబరులో, సాబర్‌కాంఠా జిల్లాలో ఒక నేరం జరిగాక ఉత్తర గుజరాత్‌లో యూపీ, బీహార్ కూలీల మీద దాడులు జరిగి వేల మంది రైళ్ళెక్కి పోయారు కదా. మా సందులో బీహార్ మిఠాయివాడు బండి తీయలేదు. "భయ్యాల మీద కోపమంట, మనల్ని అనలే" అంది అమ్మ. మా అబ్బాయి మాత్రం బండి వెనక "జై మార్కండేయ" అన్న స్టిక్కర్ పీకి, అదే మాట గుజరాతీ లిపిలో రాయించుకొచ్చాడు. ఎందుకురా అంటే "ఊకేనే" అన్నాడు.

ఇక జంధ్యం సంగతి. ఇది నాది, ఎవరి మీదా తోయడానికి లేదు. లింబాయత్‌లో పాత రేకుల ఇల్లు కొట్టేసి కట్టుకుంటున్నప్పుడు కొన్నాళ్ళు పర్వత్ పాటియా వైపు ఒక సొసైటీలో అద్దెకు పోవాల్సి వచ్చింది. సొసైటీ ప్రముఖ్ కాకా ఉయ్యాల బల్ల మీద ఊగుతూ, నన్ను కింద కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, చాలా మర్యాదగా అడిగాడు.

"తమే కేవా?"

అంటే, మీరు ఏమోళ్ళు అని. మా ఊళ్ళో ఇదే ప్రశ్నకు ఇంటిపేరు, ఏ వాడ, ఎవరి చుట్టాలు అంటూ చుట్టూ తిరిగి వస్తారు. ఇక్కడ రెండు ముక్కల్లో తేల్చేస్తారు, వ్యాపారస్తుల ఊరు కదా. నేను "ఆంధ్రా" అన్నాను. ఉయ్యాల ఆగింది. "తెలంగాణ" అన్నాను. ఆగే ఉంది. అప్పుడు నాకు భుజం దురద పెట్టింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం సామెత. నేను తడుముకున్నది దొరకడానికి కాదు, చూపించడానికి. పద్మశాలీలం, మాకు జంధ్యం ఉంటుంది, నూలు పున్నమికి మార్చుకుంటాం. చొక్కా కాలర్ లోంచి ఆ నూలుపోగు అంగుళం మేర బయటికి వచ్చేదాకా గోక్కున్నాను. కాకా చూశాడు. "జనోయీ?" అన్నాడు. "జీ, జనోయీ" అన్నాను. ఉయ్యాల మళ్ళీ ఊగింది. "నాన్‌వెజ్?" అన్నాడు. "నా రే నా!" అన్నాను. ఆ మూడు అక్షరాలు గుజరాతీవాడికంటే బాగా పలికానని మా బ్రోకర్ తర్వాత మెచ్చుకున్నాడు.

ఆ నా రే నా మూలంగా మేం ఆదివారం ఆదివారం ఆటో కట్టించుకుని మా పిన్ని ఇంటికి పోయి ఎండుచేపల పులుసు తిని, చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుని, సోంపు నములుతూ దొంగల్లా లిఫ్టెక్కేవాళ్ళం. మమ్మల్ని నిలదీయాల్సిన వాళ్ళ ముందు మా అంతట మేమే పరీక్ష పాసై చూపించాం. కాకా దుర్మార్గుడు కాదు. మా అమ్మకు జ్వరమొస్తే ఆయన భార్య ఖిచిడీ చేసి పంపింది. అడగకూడనిది ఒకటి అడిగాడు, అడిగినందుకు కోపం తెచ్చుకోవాల్సిన నేను భుజం గోక్కున్నాను.

"ఇది ఎడమ పక్కనా, కుడి పక్కనా బాపూ?" అంది శ్రావ్య. నాకూ తేలలేదు. సస్పెన్స్ ఖాతాలో వేయమన్నాను.

కుడి పక్కకు మొదటి ఎంట్రీ వేసింది మా ఆవిడే, టీ గ్లాసులు పంచుతూ, నోరు జారి. ఇల్లు పూర్తయ్యాక పైన ఒక గది వేశాం. అద్దెకు ఇవ్వబడును అని తెలుగు, హిందీ, గుజరాతీల్లో బోర్డు. బోర్డు చేతిరాత నాది, అందంగానే ఉంటుంది. ఒకరోజు ఒడిశా గంజాం కుర్రాడు ఒకడు వచ్చాడు. పన్నెండు గంటల షిఫ్టు దిగి వచ్చినట్టున్నాడు, జుట్టు నిండా దూది పీచు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి "రూమ్ ఖాళీ నహీ హై" అంది. బోర్డు సరిగ్గా ఆమె తల మీద వేలాడుతోంది. ఆ పిల్లాడు బోర్డు చూశాడు, ఆమెను చూశాడు, మళ్ళీ బోర్డు చూశాడు. "తో బోర్డ్ ఉతార్ దో భాభీ, సబ్ పూఛేంగే" అన్నాడు. వెటకారం లేదు, నిజంగానే సలహా. మా ఆవిడకు ఇంకేం తోచక "అచ్ఛా" అంది. వాడే స్టూలు అడిగి తీసుకుని, ఎక్కి, బోర్డు దించి, దుమ్ము దులిపి ఆమె చేతికిచ్చి వెళ్ళాడు.

మర్నాడు మళ్ళీ తగిలించాం. ఈసారి కింద "ఫ్యామిలీ ఓన్లీ" అని కలిపాను. కులం పేరు గానీ, రాష్ట్రం పేరు గానీ రాస్తే బాగుండదు కదా. ఒకే గదిలో పది మంది పగలూ రాత్రీ షిఫ్టుల మీద మార్చి మార్చి పడుకుంటారు, బాత్రూమ్ పాడవుతుంది, అని మా వాదన. ఇదే వాదన మా నాన్న సిరిసిల్ల నుంచి వచ్చిన కొత్తలో ఆయన గురించీ, ఆయనతో ఉన్న ఎనిమిది మంది గురించీ ఒక ఇంటాయన చేశాడట. ఆ కథ మా అమ్మ ఎడమ పక్క చెప్పింది, ఇంతకుముందే. శ్రావ్య రెండిటి మధ్యా బాణం గుర్తు గీసింది. లెక్కల పుస్తకంలో బాణాలు గీయకూడదని చెప్పాను.

అప్పుడు శ్రావ్య వంటింట్లోకి నడిచింది. కిటికీ గట్టు మీద, మిగతా గ్లాసులకు దూరంగా, ఒక స్టీలు గ్లాసు ఉంటుంది. అంచు దగ్గర సొట్ట. అడుగున పేరు చెక్కించి ఉండదు. మా ఇంట్లో మిగతా ప్రతి గిన్నె మీదా మా అమ్మ పేరో, మా ఆవిడ పుట్టింటివాళ్ళ పేరో ఉంటుంది. చెత్త తీసుకుపోయే ఆమె వస్తే ఆ గ్లాసులో టీ పోసి, గట్టు మీదనే పెడతారు. ఆమె తాగి, తనే కడిగి, మళ్ళీ అక్కడే బోర్లిస్తుంది. ఇందులో ఎవరూ ఎవరికీ ఒక్క మాట చెప్పిన గుర్తు లేదు. అంత చక్కగా నడుస్తోంది.

"ఇది ఎవరి గ్లాసు నాయినమ్మా?"

"గది కిటికీ గ్లాసు బిడ్డా."

"కిటికీ టీ తాగుతదా?"

మా ఊళ్ళ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి ఉండేదని, అది ఎంత అన్యాయమో అని పిల్లలకు నేనే కథలుగా చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు కూడా గద్గదమయ్యేది. కానీ వంటింటి కిటికీ నా డిపార్ట్‌మెంట్ కాదు. 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష మీద పెద్ద సదస్సు పెట్టినప్పుడు, దళిత సంఘాలు వెళ్ళి కులాన్ని కూడా చర్చలో చేర్చమని అడిగితే, మన ప్రభుత్వం కులం వేరు, జాతి వేరు, దీన్ని ఇక్కడ చర్చించనక్కర్లేదు అని గట్టిగా నిలబడింది. అప్పట్లో పేపర్లో చదివి ఇదేం వాదనరా అనుకున్నాను. ఇప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి నేను అన్న మాట వినండి: "అది మీ అమ్మకూ నాయినమ్మకూ సంబంధించిన అంతర్గత విషయం తల్లీ." విదేశాంగ శాఖలో నాకు ఉద్యోగం ఇవ్వకపోవడం దేశానికి నష్టం.

శ్రావ్య ఆ గ్లాసు తెచ్చి, నా టీ అందులోకి ఒంపి నాకిచ్చింది. తాగాను. టీ మామూలుగానే ఉంది. మా అమ్మ మాత్రం నా నోటి వైపే చూస్తూ కూర్చుంది, ఏమన్నా అవుతుందేమోనని.

మా అబ్బాయి మాట మార్చడానికి సచిన్ ఊరి సంగతి ఎత్తాడు. వాడి మిల్లు సచిన్ జీఐడీసీలో. "నన్ను కాలియా అనే మాస్టర్‌కు తెలియదు గానీ, ఆ సచిన్‌ను ఏలింది ఆఫ్రికా వాళ్ళే" అన్నాడు. నిజమే. 1791 నుంచి 1948లో బొంబాయి రాష్ట్రంలో కలిసేదాకా సచిన్ ఒక చిన్న సంస్థానం, నవాబులు జంజీరా సిద్దీల వంశం, హబ్షీలు. 1931లో వచ్చిన మన దేశపు మొదటి టాకీ "ఆలం ఆరా" నాయిక జుబేదా సూరత్‌లో పుట్టింది. తల్లి ఫాత్మా బేగం మన దేశంలో సినిమా తీసిన మొదటి మహిళా దర్శకురాలు. తండ్రి సచిన్ నవాబు అని చెబుతారు. ఆ జుబేదా హైదరాబాద్ ధన్‌రాజ్‌గిర్ రాజావారిని పెళ్ళి చేసుకుని మన వైపే కోడలైంది. ఇదంతా విని అమ్మ కాసేపు ఆలోచించింది.

"రాజులకు రంగేంది రా," అంది. "రంగు ఉండేది మనసొంటోల్లకే."

సోషియాలజీ ప్రాజెక్టులో రాసుకోదగ్గ మాట అదొక్కటే వచ్చింది ఆ సాయంత్రం. శ్రావ్య రాసుకుంది కూడా.

రంగు అనగానే అసలు విషయానికి వచ్చినట్టే. శ్రావ్య నా పోలిక. మా చుట్టాలందరూ దాన్ని చామనఛాయ అంటారు, అదీ గొంతు తగ్గించి, జబ్బు పేరు చెప్పినట్టు. నా రంగు గురించి మాత్రం ఎవరూ ఎప్పుడూ అడగలేదు. మగవాడికి జీతమే రంగు అంటారు, ఆ లెక్కన నేను కనిపించనే కనిపించను. 1975 నుంచీ దేశాన్ని తెల్లబరుస్తున్న ఫెయిర్ అండ్ లవ్లీ 2020 జులైలో పేరులో ఫెయిర్ తీసేసి గ్లో పెట్టింది. అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు చంపాక ప్రపంచమంతా లేచిన గొడవలో ఇదొకటి. దానికి ముందు నెలలోనే షాదీ డాట్‌కామ్ వాళ్ళు రంగును బట్టి వెతుక్కునే సదుపాయం తీసేశారు. మా ఆవిడ కొట్టుకు పోయి ఇప్పటికీ పాత పేరుతోనే అడుగుతుంది, కొట్టువాడు కొత్త ట్యూబ్ ఇస్తాడు, ఇద్దరికీ అర్థమవుతుంది. మా కులం వాట్సాప్ గ్రూపులో పెట్టిన బయోడేటాలో నేను "రంగు: గోధుమ" అని రాశాను. ఏ గోధుమో రాయలేదు. లింబాయత్ ఫోటో స్టూడియో కుర్రాడు మిగతాది కంప్యూటర్‌లో చూసుకున్నాడు. ఆ ఫోటో చూసి మా అమ్మ "ఈ పిల్లెవరు, మంచిగున్నది, మనోనికి సూద్దామా" అని మనవడి కోసం అడిగింది.

ఆ ఫోటో భివండీ దాకా పోయింది. అక్కడా మా వాళ్ళే, అక్కడా సాంచాలే. ప్రాజెక్టు కాగితం ఇంకా నేల మీదే ఉండగా, అబ్బాయి తండ్రి ఫోన్ చేశాడు. స్పీకర్ మీద పెట్టాను. యోగక్షేమాలయ్యాయి. వానల మాట అయింది. కరెంటు బిల్లులు కూడా అయ్యాయి. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఏం లేదు బావా... మా ఇంట్ల ఆడోళ్ళు అడుగుతున్నరు. ఫోటోల లైటు జర ఎక్కువ పడ్డట్టున్నది గదా అని."

ఎంత కష్టపడి అడిగాడో చూడండి. ఆ మనిషి మీద నాకు జాలి వేసింది, నా తమ్ముడిలా అనిపించాడు. నేనూ అదే మర్యాదతో "లైటా? అవునవును, ఆ స్టూడియోల లైట్లు అట్లనే ఉంటయ్ బావా" అన్నాను. "మరి... లైటు లేకుంటే?" అన్నాడాయన. మా ఆవిడ లేచింది. ఈ పూటకు పాలు అయిపోయాయని గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంది.

శ్రావ్య నా సంచిలోంచి షేడ్ కార్డ్ తీసింది. డైయింగ్ మిల్లు వాళ్ళు కొట్లకు ఇచ్చేది, మడతలు మడతలుగా విప్పితే చారెడేసి గుడ్డ ముక్కలు వరసగా అంటించి ఉంటాయి, ఒక్కోదాని కింద నంబరు. తెలుపు, క్రీమ్, బాదామీ, చందనం, బిస్కెట్, అలా ముదురుతూ పోతాయి. మణికట్టు మీద గాజులు పైకి తోసుకుని, ట్యూబ్‌లైట్ కిందకు జరిగి, కార్డును చేతికి ఆనించి ఒక్కో ముక్కే దాటిస్తూ వెళ్ళింది. ఒకచోట ఆగింది. అనుమానం తీరక ఆ ముక్క అంచును గోటితో లేపి కింద రంగు కూడా చూసింది. మార్కెట్లో నాకు తెలిసిన ఏ కొనుగోలుదారూ అంత శ్రద్ధగా చూడడు. తర్వాత ఫోన్ దగ్గరికి వంగింది.

"మామా, లైటు లేకుంటే షేడ్ నంబర్ 115. మీ అబ్బాయిది ఎంత?"

మా అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. మా అబ్బాయి మేడెక్కలేదు. నేను కుర్చీ పట్టుకున్నాను. అవతల చాలాసేపు ఏ శబ్దమూ లేదు, వెనకాల సాంచాల చప్పుడు తప్ప.

"115 అంటే," అన్నాడు చివరికి, పూర్తి వ్యాపారం గొంతుతో, "బిస్కెటా, కాఫీయా?"

"కాఫీ, మామా."

"ఆ... కాఫీ మా తాన మస్తు నడుస్తది."

శ్రావ్య నా వైపు తిరిగి, ఇప్పుడు మీరు మాట్లాడండి అన్నట్టు ఫోన్ నా ముందుకు తోసింది. ఇంటిల్లిపాదీ నన్నే చూస్తున్నారు. నేను గొంతు సవరించుకుని, భివండీలో గ్రే రేటు మీటరుకు ఎంత నడుస్తోందని అడిగాను.